కళింగనగరం ఎక్కడ, దంతపురం ఎక్కడ? వంశధార వెంట నడిచేవారికి ఎదురయ్యే చిక్కు

శ్రీకాకుళం చుట్టుపక్కల చరిత్ర వెతుక్కుంటూ కాలినడకన తిరిగేవారికి ఎక్కడికెళ్లినా ఒక రాజధాని ఎదురవుతుంది. ముఖలింగంలో అడిగితే కళింగ రాజధాని ఇదేనంటారు. కళింగపట్నం రేవులో అడిగితే పేరులోనే ఉంది కదా, అసలు కళింగనగరం ఇదేనంటారు. ఆమదాలవలస దాటి సరుబుజ్జిలి వైపు వెళితే రొట్టవలస దగ్గర మట్టికోట చూపించి, బుద్ధుడి దంతం ఉన్న దంతపురం ఇదేనంటారు. పూరీ వాళ్లు కాదు మాదంటారు. ఫోన్‌లో వీడియోలు చూస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ఒకాయన క్రీస్తుపూర్వం అంటాడు, ఇంకొకాయన ఆరో శతాబ్దం అంటాడు, మూడో ఆయన మహాభారత కాలం అంటాడు.

వీళ్లలో ఎవరూ కావాలని అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరూ ఒక్కో రకం సాక్ష్యాన్ని పట్టుకుని మాట్లాడుతున్నారు, అంతే. ఏ మాట దేని మీద నిలబడిందో విడదీసి చూస్తే ఈ నేల చరిత్ర చాలావరకు అర్థమవుతుంది. తేలనిది ఏదో కూడా స్పష్టంగా తెలుస్తుంది.

## రేకు, మట్టి, కథ

ఈ ప్రాంతపు పాతకాలం గురించి మనకు తెలిసిందంతా మూడు దారుల్లో వచ్చింది.

మొదటిది శాసనం. రాతి మీద చెక్కింది శిలాశాసనం, రాగిరేకుల మీద చెక్కింది తామ్రశాసనం. కళింగను ఏలిన తూర్పు గాంగ రాజుల తామ్రశాసనాలు తరచు మూడు రేకులు. వాటిని ఒక ఉంగరానికి గుచ్చి, ఉంగరం మీద నంది ముద్ర వేస్తారు. రాజు ఎవరికో ఊరో పొలమో దానం ఇచ్చిన పత్రం అది. మన రిజిస్ట్రేషన్ దస్తావేజులాగే అందులో ఎల్లలు రాస్తారు: తూర్పున పుట్ట, దక్షిణాన చెరువు, పడమట రాతిబండ, ఉత్తరాన చెట్టు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో ఆ పొలం చుట్టూ కాలినడకన తిరిగి, కనపడింది కనపడినట్టు చెబుతుంటే రాసుకున్నారన్నమాట. పల్లెదారుల్లో నడిచే అలవాటున్నవారికి రాజుల బిరుదుల కన్నా ఈ ఎల్లల భాగమే ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది.

అయితే రాగిరేకుకు ఒక బలహీనత ఉంది. అది చేతిలో పట్టుకుపోగలిగే వస్తువు. దొరికిన ఊరు, రాయించిన ఊరు, దానమిచ్చిన ఊరు మూడూ వేరుకావచ్చు. గుడి గోడ మీది శాసనానికి ఆ ఇబ్బంది తక్కువ.

రెండోది మట్టి. పాతకాలపు ఊరు పాడుపడి దిబ్బగా మిగిలితే దాన్ని పాటిదిబ్బ అంటాం. మనుషులూ పశువులూ తరాల తరబడి బతికిన చోటు కాబట్టి ఆ పాటిమన్ను బూడిదరంగులో, సారంగా ఉంటుంది. రైతులు బళ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. దిబ్బ అంచున వాన కోసేసిన చోట వంగి చూస్తే పొరలు పొరలుగా కుండపెంకులు, బొగ్గు, ఇటుక ముక్కలు కనిపిస్తాయి. ఇక్కడ మనుషులు ఎప్పుడు బతికారో, ఏం తిన్నారో, ఎవరితో వ్యాపారం చేశారో మట్టి చెప్పగలదు. ఆ ఊరి పేరు మాత్రం, పేరు రాసిన పెంకో ముద్రో దొరికితే తప్ప, చెప్పలేదు.

మూడోది ఐతిహ్యం. ఊళ్లో పెద్దలు చెప్పే కథ, స్థలపురాణం, గ్రంథాల్లో కథగా చెప్పిన సంగతి. ఇది తేదీలు చెప్పదు, చెప్పినా నమ్మలేం. కానీ ఒక చోటును జనం ఎందుకు వదలకుండా గుర్తుపెట్టుకున్నారో చెబుతుంది.

గొడవలన్నీ ఒక రకం సాక్ష్యాన్ని ఇంకో రకం ప్రశ్నకు జవాబుగా వాడినప్పుడే వస్తున్నాయి.

## సంవత్సరాల లెక్క: ఎప్పుడు 78, ఎప్పుడు 79, ఎప్పుడు 498?

రాజధానుల జోలికి వెళ్లే ముందు శాసనాల్లో తేదీ ఎలా ఉంటుందో చూడాలి. ఇక్కడ తికమకపడితే ముందుకు పోలేం.

శ్రీకూర్మం గుడి స్తంభాల మీద తెలుగు, సంస్కృత శాసనాలు చాలా ఉన్నాయి. వాటిలో మధ్వ సన్యాసి నరహరి తీర్థులది శక సంవత్సరం 1203 నాటిది. శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: 1203కు 78 కలిపితే 1281. ఇది తేలిక.

గాంగ రాజు అనంతవర్మ చోడగంగ పట్టాభిషేకం శక 999లో జరిగింది. 78 కలిపితే 1077 రావాలి. పుస్తకాల్లో మాత్రం 1078 అని ఉంటుంది. తప్పు ఎవరిదీ కాదు. శక సంవత్సరం మనకు ఉగాదితో మొదలవుతుంది. శాసనం చెప్పిన కుంభమాసం ఫిబ్రవరిలో పడుతుంది. అప్పటికి ఇంగ్లీషు క్యాలెండర్‌లో కొత్త ఏడాది వచ్చేసింది, మన ఉగాది ఇంకా రాలేదు. అందుకే జనవరి నుంచి ఉగాది దాకా పడే తేదీలకు 79 కలపాలి. అలా 1078 ఫిబ్రవరి.

మూడోది గాంగ శకం. తూర్పు గాంగులు తమ వంశం కోసం నడుపుకున్న లెక్క ఇది. శాసనంలో శక సంవత్సరం కాకుండా ‘ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరం’ అని చిన్న అంకె ఉంటే అది గాంగ శకమన్నమాట. దాని మొదలు ఎప్పుడన్నది పండితులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. శాసనాల్లో చెప్పిన గ్రహణాలు, సంక్రమణాలు లెక్కగట్టి చివరికి 496, 498 మధ్యకు తెచ్చారు. ఈ వ్యాసంలో 498 వాడుతున్నాను. ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయినా కింద చెప్పే వాదం మారదు.

## కళింగనగరం: ముఖలింగమా, కళింగపట్నమా?

ముందు ఒక ముడి విప్పాలి. భువనేశ్వర్ దగ్గర హాథీగుంఫా గుహలో పాతకాలపు కళింగ రాజు ఖారవేలుడి శాసనం ఉంది. గాలివానకు దెబ్బతిన్న కళింగనగరి కోటగుమ్మాలు, ప్రాకారాలు తన మొదటి ఏటనే బాగుచేయించానని అందులో చెప్పుకున్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన మన జిల్లావాళ్లకు రెండు వేల ఏళ్ల నాటి ఆ వాక్యం బాగా తెలిసిన సంగతిలా ఉంటుంది. కానీ ఆ కళింగనగరి భువనేశ్వర్ పక్కనున్న శిశుపాలగఢ్ అని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. గాంగుల కళింగనగరం అంతకు ఆరేడు వందల ఏళ్ల తర్వాతిది. కళింగను ఏలినవారు తమ రాజధానిని కళింగనగరం అనుకోవడం సహజం. వీడియోల్లో ఖారవేలుణ్ని తెచ్చి ముఖలింగంలో కూర్చోబెట్టడం ఈ రెంటినీ కలిపేయడం వల్లే జరుగుతోంది.

ఇక గాంగుల కళింగనగరం. ఫ్లీట్ అనే శాసన పండితుడు దాన్ని కళింగపట్నం అన్నాడు. పేరు దగ్గరగా ఉంది, వంశధార సముద్రంలో కలిసే చోటు, పాత రేవు. ఆ రోజుల్లో అది సబబైన ఊహే.

దాన్ని కాదని ముఖలింగం పేరు నిలబెట్టినవారు గిడుగు రామమూర్తి పంతులు. వ్యావహారిక భాషోద్యమానికి, సవర భాషకు ఆయన చేసిన సేవ అందరికీ తెలుసు. శాసనాల పని చాలామందికి తెలియదు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే పుట్టిన మనిషి. ఆ గుళ్ల గోడలు ఆయనకు చిన్ననాటి నుంచి పరిచయం. కళింగపట్నానికి ఉత్తరాన ఉన్న దీర్ఘాసిలోని వనపతి శాసనాన్ని, శక 997 నాటిదాన్ని, చదివి ప్రకటించినదీ ఆయనే.

ఆయన వాదంలో బలం మూడు చోట్ల ఉంది. ముఖలింగం గుళ్లలోని శాసనాలు ఆ ఊరిని ‘నగరం’ అనీ ‘కళింగావనీ నగరం’ అనీ అంటాయి. ఇవి కదిలే రాగిరేకులు కావు, గోడకున్న రాళ్లు. రెండోది, ముఖలింగం నుంచి పక్కనున్న నగరికటకం దాకా నేలంతా పాత ఇటుకలు, దిబ్బలు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. చోడగంగ శక 1040లో, అంటే 1118 ప్రాంతంలో ఇచ్చిన తామ్రశాసనం తన పూర్వీకుల కథ చెబుతూ, రెండో కామార్ణవుడు ‘నగరం’ అనే పట్టణంలో ఈశ్వరుడికి ఎత్తయిన గుడి కట్టించాడనీ, మధూక వృక్షంలో వెలసినందున ఆ లింగానికి మధుకేశుడని పేరనీ అంటుంది. మధూకమంటే ఇప్పచెట్టు. ముఖలింగంలో ఈనాటికీ పూజలందుకుంటున్న దేవుడు మధుకేశ్వరుడే. ఇప్పచెట్టు మొదట్లో వెలిసిన దేవుడని సవరల పేరుతో ఊళ్లో చెప్పే కథా అదే. రేకు, రాయి, మట్టి, కథ నాలుగూ ఒకే చోట చేతులు కలపడం చాలా అరుదు.

అవతలి పక్షానికీ ఒక మాట మిగిలే ఉంది. చోడగంగ శాసనం గుడి కట్టిన రోజున రాసింది కాదు, తరాల తర్వాత వంశకీర్తి చెప్పుకోవడానికి రాసింది. పైగా ముఖలింగంలో ఇప్పుడు నిలిచి ఉన్న కట్టడాలు గాంగుల తొలినాళ్లవి కావు. అందుచేత తొలి గాంగుల కళింగనగరం కూడా కచ్చితంగా ఇక్కడేనని గుడిని చూపించి మాత్రమే చెప్పలేం. కానీ కళింగపట్నానికి రేవన్న బలం తప్ప రాజధానికి ఉండవలసిన శాసనబలం లేదు. నా మట్టుకు నాకు ముఖలింగం వాదమే నిలుస్తుంది. ఏటి ఎగువన రాజధాని, ఏటి మొగలో రేవు అనుకుంటే రెండు ఊళ్లకూ వాటి వాటి చోటు దొరుకుతుంది.

ముఖలింగం వెళ్లినవారు చాలామంది మధుకేశ్వరస్వామిని చూసి వెనక్కి వచ్చేస్తారు. ఊరి మొదట్లో రోడ్డు పక్కన సోమేశ్వరాలయం ఉంది. ముందు మండపం లేకుండా నిటారుగా లేచిన ఒంటరి శిఖరం. ద్వారబంధం మీద తీగల చెక్కడం చూడటానికి ఉదయపు ఎండ బాగుంటుంది. అక్కడ నుంచి పొలాల మీదుగా నగరికటకం వైపు నడిస్తేనే, ఇది ఒక్క గుడి కథ కాదు, ఒక పట్టణం కథ అని అర్థమవుతుంది.

## దంతపురం: తేలని లెక్క

దంతపురం సంగతి ఇంత సాఫీగా లేదు.

బుద్ధుడి ధాతువుల్లో, అంటే భౌతికావశేషాల్లో, ఒక దంతాన్ని కళింగలో పూజించారని పాళీ గ్రంథాలు చెబుతాయి. లంకలో రాసిన దాఠావంశం అనే గ్రంథం ప్రకారం దంతపురం రాజు గుహశివుడు, శత్రువులు ముంచుకొచ్చినప్పుడు ఆ దంతాన్ని కూతురు హేమమాల, అల్లుడు దంతకుమారుడి చేత లంకకు పంపించాడు. హేమమాల దాన్ని జడలో దాచుకుని వెళ్లిందట. లంకలో అప్పుడు కీర్తిశ్రీ మేఘవర్ణుడి కాలం, క్రీ.శ. 4వ శతాబ్ది. కాండీలో ఈనాడు పూజలు జరుగుతున్నది ఆ దంతానికే అని బౌద్ధుల విశ్వాసం.

ఇది ఐతిహ్యం. దంతపురం గొప్ప ఊరని చెబుతుంది, ఎక్కడో మాత్రం చెప్పదు. అందుకే మూడు ఊళ్లు పోటీలో ఉన్నాయి. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ, రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలమీ చెప్పిన పలూరా రేవే దంతపురమన్నాడు. పలూరాను చిలక సరస్సుకు దక్షిణాన, గంజాం జిల్లాలో ఉన్న పాలూరుగా గుర్తిస్తారు. పూరీయే దంతపురమని మరికొందరి వాదం. మూడోది మన రొట్టవలస దగ్గరి కోట.

ఇక్కడ రెండు రాగిరేకులు పక్కపక్కన పెట్టి చూద్దాం. టెక్కలి ప్రాంతంలోని జిర్జింగి శాసనం ఇంద్రవర్మది, గాంగ శకం 39. ఇచ్చిన చోటు దంతపురం. నరసన్నపేట దగ్గర ఉర్లాం శాసనం హస్తివర్మది, గాంగ శకం 80. ఇచ్చిన చోటు కళింగనగరం. 498 కలిపితే మొదటిది 537, రెండోది 578. ఈ రెండు రేకులను బట్టి చూస్తే నలభై ఏళ్ల ఎడంలో గాంగుల కొలువు దంతపురం నుంచి కళింగనగరానికి మారినట్టుంది.

దీన్నుంచి ఏం తేలుతుంది? ఆరో శతాబ్దంలో దంతపురం కథల్లోని ఊరు మాత్రమే కాదు, గాంగ రాజు కూర్చుని దానపత్రం రాయించిన నిజమైన ఊరు. తొలి గాంగుల రేకులు దొరికిందీ, దానమిచ్చిన ఊళ్లున్నదీ ఎక్కువగా వంశధార చుట్టుపక్కలే. కాబట్టి వారి దంతపురం పూరీ అంత దూరంలో ఉండటం కంటే ఇక్కడే ఉండే అవకాశం ఎక్కువ. చోడగంగ శాసనం తొలి కామార్ణవుడి రాజధానిగా చెప్పే ‘జంతావురం’ కూడా దంతపురమేనని చాలామంది పండితుల ఊహ.

తేలనిది ఏమిటి? గాంగుల దంతపురం, దాఠావంశంలోని దంతపురం ఒకటేనా అన్నది. రొట్టవలస కోటలో జరిగిన తవ్వకాల్లో తొలి చారిత్రక యుగపు కుండపెంకులు, ఇటుక కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. అంటే కోట గాంగుల కన్నా పాతది. ఇది రొట్టవలస వాదానికి మేలు చేసేదే. అయినా పాత ఊరు కావడం వేరు, ఫలానా పేరుగల ఊరు కావడం వేరు. ఇక ఊళ్లో చెప్పే కథలో ఇది బుద్ధుడి ఊరు కానే కాదు, కృష్ణుడి చేతిలో చచ్చిన దంతవక్త్రుడి కోట. బౌద్ధం మరుగునపడ్డాక మిగిలిన పేరు చుట్టూ జనం తమకు తెలిసిన భాగవత కథ అల్లుకుని ఉండొచ్చు. ఇది నా ఊహ, రుజువు కాదు.

ఆ మట్టికట్ట ఎక్కి నడిస్తే తోచేది ఒకటుంది. కట్ట వెడల్పు, చుట్టూ ఎంతమేర సాగిందో చూస్తే చిన్న జమీందారు కోట కాదని కాళ్లకే తెలుస్తుంది. అంత మట్టి మోయించాలంటే వెనక ఒక రాజ్యముండాలి.

## శాలిహుండం: మట్టి తానే మాట్లాడిన చోటు

కళింగపట్నం నుంచి ఏటి ఎగువకు ఐదారు కిలోమీటర్లు, వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ. ఇక్కడి బౌద్ధ అవశేషాలను 1919లో బయటపెట్టింది కూడా గిడుగువారే. తర్వాత స్వాతంత్ర్యానికి ముందూ వెనకా పలు విడతల తవ్వకాలు జరిగాయి. స్తూపాలు, చైత్యాలు, ధాతుపేటికలు దొరికాయి.

ఇక్కడ రాజధాని గొడవ లేదు. ఉన్న తికమకల్లా ఇది హీనయానమా, మహాయానమా, వజ్రయానమా అన్నది. మూడూ నిజమే. బుద్ధుడి బొమ్మ లేకుండా ధాతువు మీద కట్టిన స్తూపం మొదటి దశ. బుద్ధ విగ్రహం వచ్చింది రెండో దశ. తార, మారీచి వంటి దేవతలు వచ్చింది మూడో దశ. కొండ మీది మ్యూజియంలో ఈ దేవతామూర్తులు ఉన్నాయి. మారీచి వేకువ దేవత. బౌద్ధ శిల్ప సంప్రదాయంలో ఆమె రథాన్ని ఏడు పందులు లాగుతాయి. ఏడు గుర్రాల సూర్యుడు కొలువైన అరసవల్లి ఇక్కడికి ఎంతో దూరం కాదన్నది గమనించదగ్గ సంగతి. వెయ్యేళ్లకు పైగా ఒకే కొండ మీద పూజ తీరు మారుతూ వచ్చింది కాబట్టి ‘ఇది ఏ కాలపుది’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఏ గోడ, ఏ బొమ్మ అని అడగాలి.

పైనుంచి చూస్తే వంశధార సముద్రంవైపు సాగిపోవడం కనిపిస్తుంది. రేవులో దిగిన వర్తకుడు పడవలో ఎగువకు వస్తుంటే ముందుగా కంటబడేది ఈ కొండే. వర్తకుల కానుకలతో బతికే ఆరామానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు.

## అరసవల్లి: ఏ దేవేంద్రవర్మ, ఏ కిరణాలు?

శ్రీకాకుళం నగరం నుంచి నడిచి వెళ్లగలిగిన దూరంలోనే ఉన్న అరసవల్లి సూర్యదేవాలయం 7వ శతాబ్దంలో దేవేంద్రవర్మ కట్టించాడని అంటారు. గాంగుల్లో దేవేంద్రవర్మలు ఒకరు కాదు. గుణార్ణవుడి కొడుకు దేవేంద్రవర్మ శాసనాలు గాంగ శకం 183, 195లవి. అంటే 681, 693. అనంతవర్మ కొడుకు దేవేంద్రవర్మ శాసనాలు 251, 254లవి. అంటే 749, 752. మొదటి ఆయన అనుకుంటే ఏడో శతాబ్దం సరిపోతుంది, రెండో ఆయన అనుకుంటే ఎనిమిదిలోకి వస్తాం. రాజు పేరు ఒక్కటే చెప్పి తేదీ చెప్పేసేవారు ఈ మెట్టు దాటేస్తుంటారు.

మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. రెండుసార్లే ఎందుకు? సూర్యుడు డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణపు కొసకు వెళ్లి వెనక్కి తిరుగుతాడు. అక్టోబరు 2 అందుకు 80 రోజులు ముందు. మార్చి 10 అందుకు 79 రోజులు తర్వాత. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాదాపు అదే చోట ఉదయిస్తాడు. గుమ్మం ఆ దిక్కుకు సూటిగా ఉంటే ఏటా రెండుసార్లు వెలుగు లోపలికి వస్తుంది. ఈ లెక్క తెలిసినంత మాత్రాన భక్తికి లోటు రాదు. ఆ గుమ్మాన్ని అంత గురిగా నిలిపిన స్థపతి మీద గౌరవం పెరుగుతుంది.

## దిబ్బ మీద నడిచే హక్కు, దొరికిన వస్తువు

పల్లెదారుల్లో నడిచేవారికి తరచు వచ్చే సందేహం, ఈ గట్టు మీద నడవచ్చా అని. బండిదారి, చెరువుగట్టు గ్రామ రికార్డుల్లో పోరంబోకుగా ఉంటే అవి ప్రభుత్వానివి, అందరూ నడిచేవి. పొలం గట్టు రైతుది. అక్కడ నడక ఊరి మర్యాద మీద సాగేది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం, అడ్డులేకుండా హక్కుగా 20 ఏళ్లు వాడిన దారి మీద వాడినవారికి హక్కు ఏర్పడవచ్చు. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు. కానీ ఆ హక్కు ఆ దారి వాడే రైతుకే వర్తిస్తుంది, ఆదివారం వచ్చిపోయేవారికి కాదు.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలకు 1958 చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ వర్తిస్తాయి. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు నిషేధం. ఆపై మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. హద్దుకు 80 మీటర్లలో ఇల్లున్న కుటుంబం మరమ్మతుకే అనుమతి అడగాలి, కొత్తగా కట్టుకోలేదు. 250 మీటర్లలో ఉన్నవారు అనుమతితో కట్టుకోవచ్చు. గుడి ఊరి నడుమ ఉన్నచోట ఈ నిబంధన జనానికి నిజంగా భారం. మరోవైపు, అది లేకపోతే గుడి చుట్టూ నేలలో ఉన్న పట్టణపు పునాదులు ఇళ్ల పునాదుల కింద పోతాయి. రెండు వైపులా న్యాయముంది.

రక్షణ బోర్డు లేని పాటిదిబ్బలే ఎక్కువ. మట్టి తోలకాల్లో, ఇళ్ల స్థలాల చదునులో అవి మాయమవుతున్నాయి. నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం అంటుంది. ఆ పది రూపాయలు ఆనాటి లెక్క, చట్టం ఈనాటికీ ఉంది. పాత ఇత్తడి సామాను కింద కరిగిపోయిన రాగిరేకులు ఎన్నో ఎవరూ చెప్పలేరు. పైన లెక్కకు వాడుకున్న జిర్జింగి, ఉర్లాం రేకులు కరగకుండా చదివేవారి చేతికి చేరాయి కాబట్టే దంతపురం తర్వాత కళింగనగరం అన్న వరస మనకు తెలిసింది. దంతపురం ఫలానా చోటని తేల్చే రేకు ఒకటి వంశధార పొలాల్లో నాగలికి తగిలే వీలు ఇప్పటికీ ఉంది.